కీమోథెరపీలో జ్వరం

నేను మెట్‌పల్లిలో వైద్యుడిగా ఉన్న రోజుల్లో, ఒక బీడీ కార్మికురాలు కీమో చికిత్సలో ఉన్న తన కుమారుణ్ణి తీసుకువచ్చింది. జ్వరం వచ్చి అప్పటికే మూడు రోజులు. “మందు వేడి సారూ, అదే తగ్గుతదనుకున్నం” అన్నది.

భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో రూపొందిన మెథోట్రెక్సేట్‌నే చూడండి. కణం విభజన చెందడానికి ఫోలిక్ ఆమ్లం అవసరం. ఈ మందు అచ్చం దానివలెనే కనిపించి, తాళంలో ఇరుక్కున్న మారు చెవిలా ఆ పనిని నిలిపివేస్తుంది. అయితే మందుకు స్వపర భేదం తెలియదు. వేగంగా విభజన చెందే కణాలన్నింటినీ తాకుతుంది. నోటిపూత, విరేచనాలు అందువల్లనే. కొన్ని మందులకు జుట్టు రాలుతుంది. చాలామందికి అది తిరిగి వస్తుంది.

ఎముకల మూలుగ సంగతి వేరు. చాలా మందులతో, తీసుకున్న 7 నుండి 14 రోజుల మధ్య తెల్లరక్తకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు శరీరంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా చీము, వాపు కనబడకపోవచ్చు, జ్వరమొక్కటే గుర్తు. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే పారాసిటమాల్ మింగించి తెల్లవారేదాకా వేచి ఉండకండి. ఆ రాత్రే, చికిత్స కాగితాలతో సహా ఆసుపత్రికి వెళ్ళండి.

ఆ బాలుడు హైదరాబాదు చేరాడు గాని, దక్కలేదు. జ్వరం వస్తే వెంటనే రావాలన్న సూచన ఆ తల్లి చేతిలోని కాగితంలోనే ఉంది, ఆంగ్లంలో.