పిలిచే పేరు

మా కాంపౌండరు మూడుసార్లు పిలిచినా వరండాలో ఎవరూ లేవలేదు. చీటీ మీద ఉన్నది ఒక అమ్మవారి పేరు. నాలుగోసారి పిలిచేసరికి మూలన కూర్చున్న ముసలామె పక్కనున్న మనిషిని మోచేత్తో పొడిచి, "రూతా, నిన్నే కదే!" అంది.

"అది కాయితాల్లో పేరు సార్. పిలిచేవాళ్ళు లేక అలవాటు తప్పింది," అంటూ లోపలికి వచ్చిందామె.

బత్తలపల్లెలో ప్రాక్టీసు పెట్టిన కొత్తల్లో సంగతి ఇది. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను. పేరు, వయసు, ఊరు, ఏం బాధ అని వరసగా అడగడం మాకు కాలేజీలో నేర్పారు. మొదటి ప్రశ్న దగ్గరే ఇంతసేపు ఆగాల్సి వస్తుందని ఎవరూ చెప్పలేదు.

ఆమె భర్తతో బెంగుళూరుకు కట్టడాల పనికి పోయింది. ఇక్కడ అది వింతేం కాదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే పడినట్టు. అదీ అదనుకు పడాలి. వేరుశెనగ చెట్టు ఎంత పచ్చగా ఉన్నా, ఊడలు దిగేటప్పుడు చినుకు లేకపోతే కాయ పట్టదు. అట్లా రెండేళ్ళు వరసగా పోయాక మొగుడూ పెళ్ళాం ఊరు విడిచారు. నాలుగేళ్ళకు ఆమె ఒక్కతే తిరిగొచ్చింది, అతను పోయాక, ఒంట్లో హెచ్‌ఐవీతో. కొడుకు పోయిన అత్త, చిన్న పాప, తను. ఇంటికి మిగిలింది ముగ్గురు ఆడవాళ్ళు.

"రూతు అన్న పేరెందుకు పెట్టుకున్నావమ్మా?" అని ఒకరోజు అడిగాను.

"బైబిల్లో రూతు కత మా కతే గదా సార్! కరువొచ్చి ఊరిడిసి పోయినారు. పోయినచోట మొగోళ్ళు సచ్చిపోయినారు. అత్తా కోడలూ ఎనక్కొచ్చినారు. పరిగె ఏరుకోని బతికినారు. మేమూ కాయ పీకినాక చేన్లలో పరిగె ఏరుకుంటాం. పాస్టరయ్య సదువుతావుంటే, ఇది నా పేరే అనిపించింది."

కోత అయిపోయాక చేలో రాలి మిగిలి, పేదలు ఏరుకునేవాటిని పరిగె అంటాం. తెలుగు బైబిల్లో రూతు కథకు ఆ మాటే వాడారు. మాది గుంటూరు వైపు. హయ్యర్ దొర 1842లో వచ్చి మొదలుపెట్టిన లూథరన్ సంఘంలో తాతల నాటి నుంచి ఉన్న ఇల్లు. ఆ కథ చిన్నప్పుడు సండేస్కూల్లో వల్లె వేసినవాణ్ణి. బెత్లెహేములో కరువు వచ్చిందన్న మొదటి వాక్యాన్ని నేనెప్పుడూ పట్టించుకోలేదు. నా క్రైస్తవం నాకు ఇంటిపేరులా వచ్చింది. ఆమె తనది వెతుక్కుని తెచ్చుకుంది.

మరి కాయితాల్లో పాత పేరు ఎందుకు ఉంచుకుంది? "పాప సదువు సార్," అని ఊరుకుంది. షెడ్యూల్డ్ కులాల మీద 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ఆ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవం తీసుకున్న దళితులు మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి పోతారు. అక్కడ రిజర్వేషన్ వాటా 1 శాతం. వాడ మారదు, కూలి మారదు, నీళ్ళకాడ చూపు మారదు, సర్టిఫికెట్టు ఒక్కటే మారుతుంది. అందుకే ఈ చుట్టుపక్కల వాడల్లో మనిషికి రెండు పేర్లు. అది తప్పో ఒప్పో తేల్చే కుర్చీ నాది కాదు.

కానీ ఆమెకు మూడో పేరు కూడా ఉందని తర్వాత తెలిసింది. ఊళ్ళో ఆమెను "ఆ జబ్బుది" అనేవాళ్ళట. నేనూ తక్కువ తినలేదు. కాంపౌండరుతో మాట్లాడేటప్పుడు "ఆ పాజిటివ్ కేసు" అనేవాణ్ణి.

హెచ్‌ఐవీకి వాడే ఏఆర్‌టీ మందులు 2004 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. ఇప్పుడు రోజుకు ఒక్క మాత్ర చాలు. కష్టమల్లా రోజూ మింగడంలో ఉంది. ఒళ్ళు బాగున్న రోజు కూడా, బతకబుద్ధి కాని రోజు కూడా. మూడేళ్ళలో ఆమె ఒక్క పూట తప్పలేదు. ఎట్లా అంటే, "రాత్రి ఎనిమిదికి ప్రార్థన, దానికి ముందర మాత్ర. ఒక్క ఆదివారం నేను కనపడకుంటే నలుగురు ఇంటికొచ్చి పేరుపెట్టి పిలుస్తారు సార్. పలకాల గదా!" అంది. ఆమె రక్తంలో వైరస్ పరీక్షకు చిక్కనంతగా తగ్గిందంటే అందులో మాత్ర పనెంత, ఆ పిలుపు పనెంత అన్నది ల్యాబు రిపోర్టు చెప్పదు.

విశ్వాసం ప్రతిసారీ మందుకు తోడొస్తుందని చెప్తే అబద్ధమే. క్షయ ఉన్న ఒక పెద్దాయన రెండు నెలలు మాత్రలు మింగి, దగ్గు తగ్గగానే ఎక్కడో స్వస్థత కూటానికి పోయి, మందు వాడితే నమ్మకం లేనట్టేనని మానేశాడు. ఆరు నెలల మందును మధ్యలో వదిలితే, మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా ముదరొచ్చు. నేను అరిచాను. మళ్ళీ రాలేదు. మూడు నెలలకు నోట్లో రక్తంతో వచ్చినప్పుడు వెంట వాళ్ళ పాస్టరు ఉన్నాడు. వారమంతా కూలికి పోయి ఆదివారం వాక్యం చెప్పే మనిషి. నేను మళ్ళీ గొంతు పెంచబోతుంటే ఆయనే అందుకున్నాడు. "ప్రార్థన చేసుకోని అన్నం తింటాం గదా పెద్దాయనా, ప్రార్థన చేసినామని అన్నం మానేస్తామా? మాత్రా అంతే." మందుకు లొంగే క్రిమే కావడం మా అదృష్టం. ఆయన కోలుకున్నాడు. నా అరుపు చేయలేని పని అన్నం మాట చేసింది.

పేరంటే ఇంకొకరు గుర్తొస్తారు. ఈ బత్తలపల్లెలోనే విన్సెంట్ ఫెర్రర్ సమాధి ఉంది. స్పెయిన్ నుంచి జెస్యూట్ అనే క్యాథలిక్ సన్యాసుల సంఘం తరఫున వచ్చిన మనిషి. 1969లో అనంతపురం చేరారు. మరుసటి ఏడు ఆ సంఘాన్ని వదిలి, ఆన్ పెర్రీని పెళ్ళి చేసుకున్నారు. ఆ లెక్కన ఫాదర్ అనే పిలుపు అక్కడితో పోవాలి. 2009లో ఆయన కన్నుమూసేదాకా, ఇప్పటికీ కూడా, జనం ఫాదర్ అనే అంటారు. ఆయన పెట్టిన ఆర్‌డీటీ సంస్థ కట్టించిన ఆసుపత్రికి నేను రోగుల్ని పంపుతుంటాను. అక్కడ మంచం దొరకడానికి ఎవరూ ఏ దేవుడి పేరూ చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు మా కేసుషీటులో పేరు కింద ఇంకో గీత ఉంది: పిలిచే పేరు.

మొన్న కార్తీకంలో, ఆనాడు వరండాలో మోచేత్తో పొడిచిన ఆ ముసలామె కొంగున దోసెడు శెనక్కాయలు కట్టుకొచ్చి నా బల్ల మీద పోసింది. కోడలు ఏరిన పరిగె. ఆమె చర్చి గడప తొక్కదు. మంగళవారం మంగళవారం గంగమ్మకు దీపం పెడుతుంది. బైబిల్లో కోడలు అత్త దేవుడి వెంట నడిచింది. ఇక్కడ ఎవరి దేవుడు వాళ్ళకే. మరి ఆ పేరుతో పిలవడం కష్టంగా లేదా అవ్వా అని అడిగాను.

"దాని దేవుడు దానికి, నా గంగమ్మ నాకు. పిలిచినప్పుడు పలికితే నాకు సాలు నాయనా," అంది. "ఎనిమిది కాంగానే 'రూతా, మాత్ర' అని అరిచేది నేనే."