కొలిచి చూసిన వెలుగు

తెలుగులో కొలతల మాటలకు కొదవ లేదు. ధాన్యానికి సోల, తవ్వ, మానిక, కుంచం ఉన్నాయి. పొడవుకు బెత్తెడు, జానెడు, మూర, బార ఉన్నాయి. ఇచ్చేటప్పుడూ పుచ్చుకొనేటప్పుడూ కొలిచి చూడటం మనవారి అలవాటు. ఇల్లు కట్టేవారి కొలతలు మరింత నిక్కచ్చిగా ఉంటాయి. గోడ నిలువు చూడటానికి తూకపు గుండు, నేల సమంగా ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడానికి రసమట్టం, మూల సరిచూడటానికి మూలమట్టం వారి చేతిలో ఉండవలసిందే.

ముంబయిలోని కామాటిపుర అటువంటి పనివారి పేరు మీద వెలసిన పేట. పద్దెనిమిదో శతాబ్ది చివర సముద్రపు నీటికి అడ్డంగా వెల్లార్డు కట్ట కట్టిన తరువాత ఇక్కడి పల్లపు నేలలు నివాసానికి పనికివచ్చాయి. నిజాం రాజ్యం నుంచి వలస వచ్చిన తెలుగు కూలీలు, తాపీపనివారు ఇక్కడ స్థిరపడ్డారు. వారిని కామాటీలు అనేవారు. ఈ మహానగరంలోని ఎన్నో గోడలు నిలబడటంలో వారి చెమట ఉంది, వారి కొలత ఉంది. ఈ పేటలోనే వెలుగును కొలిచిన ఒక యువకుణ్ణి నేను చూశాను.

అతడు నా దగ్గర తెలుగు చదువుకున్నవాడు. భౌతికశాస్త్రంలో ఎం.ఎస్సీ. చేసి ఒక కళాశాల ప్రయోగశాలలో పనిచేస్తున్నాడు. అవ్వ, తాతలతో కలిసి చాల్ రెండో అంతస్తులో ఒక చిన్న గదిలో ఉంటాడు. 2024 వేసవిలో చోర్‌బజారులోని పాతసామాన్ల కొట్లో ప్రయోగశాలలో వాడే ఒక పచ్చ లేజరు అతనికి దొరికింది. దాని మీది చీటీ చెరిగిపోయింది. అది రెండు వాట్లదని అమ్మినవాడు చెప్పాడట. దానికి కావలసిన కరెంటు పెట్టె, చల్లార్చే ఫ్యాను లామింగ్టన్ రోడ్డులో కొన్నాడు.

"దీనితో ఏం చేస్తావు?" అని అడిగాను.

"రామన్ ఫలితాన్ని నా కళ్లతో చూడాలని ఉంది సార్" అన్నాడు.

1928లో సి.వి. రామన్ సూర్యకాంతితోనూ, పాదరసపు దీపంతోనూ ఆ ప్రయోగాలు చేశారు. ఆ పరిశోధనను ముందుకు తీసుకుపోయినవారిలో మన ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం ఒకరు. ఈనాడు ఆ పనికి పచ్చ లేజరును విరివిగా వాడుతున్నారు. అయితే వెలుగు ఎంత ఉన్నదో తెలియకుండా చేసిన ప్రయోగానికి విలువ లేదు. అందుకే అతడు ముందు కొలత మొదలుపెట్టాడు.

మొదటి లేజరును 1960లో అమెరికాలో మైమన్ చేశాడు. 1964లో అక్కడి బెల్ ప్రయోగశాలలో రెండు గొప్ప లేజర్లు పుట్టాయి. వాటిలో కార్బన్ డయాక్సైడ్ లేజరును చేసినవాడు మన మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. రెండవది నియోడిమియం అనే లోహం కలిపిన స్ఫటికంతో చేసినది. పచ్చ లేజరుకు మూలం ఈ రెండవదే. దాని నుంచి వచ్చే కిరణం తరంగదైర్ఘ్యం 1064 నానోమీటర్లు. అది పరారుణ కిరణం, మన కంటికి కనిపించదు. దాన్ని మరొక స్ఫటికం గుండా పంపితే తరంగదైర్ఘ్యం సగమై 532 నానోమీటర్లు అవుతుంది. అదే మనం చూసే పచ్చని వెలుగు. కాని మారకుండా మిగిలిన పరారుణాన్ని అద్దంతో వడకట్టకపోతే, అది కూడా పచ్చకిరణం వెంట బయటికి వచ్చేస్తుంది. ఇక్కడే ప్రమాదం పొంచి ఉంది. 2010లో అమెరికా ప్రమాణాల సంస్థ శాస్త్రజ్ఞులు చౌక రకం పచ్చ లేజరు ఒకదానిని పరీక్షించగా, పచ్చదనం కొంచెంగానూ, కనిపించని కిరణం ఎక్కువగానూ వస్తున్నట్లు తేలింది.

లేజరు వెలిగించే రోజున నేనూ వెళ్లాను. చాల్ గదిలో మెరిసే వస్తువులు ఎన్ని ఉంటాయో అప్పుడు తెలిసింది. గోడ నిండా స్టీలు గిన్నెలు, చెంబులు, పళ్లాలు. తలుపు పక్కన అద్దం. పైన అద్దాల చట్రాల్లో దేవుళ్ల పటాలు. దేని మీద పడినా కిరణం వెనక్కి కొడుతుంది. అతడు పటాలను ఒక్కొక్కటిగా గోడవైపు తిప్పసాగాడు. అవ్వ ఊరుకోలేదు.

"దేవుండ్లను గోడ దిక్కు తిప్పుతవా బిడ్డా? పాపం గదా!"

"అవ్వా, అద్దం మీద పడ్డ వెలుగు ఎనుకకు మర్లి నీ కంట్ల పడ్తది. పని అయినంక మల్ల ఇటే తిప్పుత."

అవ్వ కాసేపు ఆలోచించింది. తరువాత తానే లేచి పాత చీర తెచ్చి గిన్నెల మీద కప్పింది. వసారాలో ఆడుకొనే పిల్లలు తొంగిచూడకుండా తలుపు గడియ వేసి, దానికి మందపాటి దుప్పటి కట్టాము. అవ్వ, తాత పక్కింటికి వెళ్లారు. కళాశాల ఆచార్యులు ఇచ్చిన రక్షక కళ్లద్దాలను మేమిద్దరం పెట్టుకొన్నాము. అవి పచ్చకిరణాన్నీ పరారుణాన్నీ రెండింటినీ ఆపే రకానివి.

వెలుగును దేనితో కొలిచాడనుకుంటున్నారు? వేడితో. నల్లరంగు పూసిన 100 గ్రాముల అల్యూమినియం దిమ్మెకు రంధ్రం చేసి అందులో ఉష్ణమాపకం అమర్చాడు. ఆ దిమ్మె ఒక డిగ్రీ వేడెక్కడానికి 90 జౌళ్ల శక్తి కావాలి. కిరణాన్ని దాని మీద 180 సెకన్లు పడనిస్తే 2 డిగ్రీలు పెరిగింది. అంటే 180 సెకన్లలో 180 జౌళ్లు. సెకనుకు ఒక జౌలు అయితే ఒక వాటు. అమ్మినవాడు చెప్పినదానిలో అది సగమే!

అంతటితో ఆగలేదు. పట్టకం పెట్టి కిరణాన్ని విడదీశాడు. పచ్చకిరణం ఒక చోట పడింది. దాని పక్కన ఏమీ కనిపించని చోట దిమ్మెను ఉంచితే, అక్కడ కూడా అది 0.4 డిగ్రీ వేడెక్కింది. లెక్క కడితే 0.2 వాటు. మొత్తం వెలుగులో అయిదో వంతు కంటికి కనిపించనిదే!

ఒక వాటు అంటే చిన్న దీపమే కదా అనిపించవచ్చు. దీపం వెలుగు నలుదిక్కులకూ చెదిరిపోతుంది. లేజరు వెలుగు సన్నని గీతలా సాగి, మొత్తంగా కంటిపాపలోకి దూరగలదు. మిట్టమధ్యాహ్నపు సూర్యుణ్ణి నేరుగా చూస్తే కంట్లోకి పోయే వెలుగు కొన్ని మిల్లీవాట్లు మాత్రమే. ఇది దానికి నూరు రెట్లకు పైమాట. మనం రెప్ప వేసేలోపే రెటీనా కాలిపోతుంది. పరారుణమైతే కనిపించదు కనుక రెప్ప వేయాలని కూడా తోచదు.

వినాయకచవితి దగ్గరపడింది. గల్లీ కుర్రవాళ్లు వచ్చి, "అన్నా, మన గణపతి ముందర ఆ పచ్చలైటు పెడ్దాం. గల్లీ అంత మెరుస్తది" అన్నారు. అతడు తన కొలతల పుస్తకం తెరిచి చూపించాడు. 2023లో గణపతి ఊరేగింపుల తరువాత నాసిక్‌లో కొందరు యువకుల రెటీనా దెబ్బతిన్నదని కంటి వైద్యులు చెప్పిన సంగతి గుర్తుచేశాడు. కొందరికి కోపం వచ్చింది. "నీకు పేట మీద ప్రేమ లేదు" అని కూడా అన్నారు. అతడు మాట మార్చలేదు.

అప్పుడు మూలన కూర్చున్న తాత నోరు విప్పాడు. బతుకంతా తాపీ పట్టినవాడు ఆయన. "గుండుకు రాని గోడ కంటికి ఎంత సక్కగ కనపడ్డా దాని కింద పిల్లలను నిలవెట్టద్దు. వాడు కొలిచి చెప్తుండు, మీరు కొలవకుంట అంటుండ్రు" అన్నాడు. కుర్రవాళ్లు ఇంకేమీ అనలేదు. ఆ యేడు వారి గణపతి ముందు రంగురంగుల బల్బుల తోరణాలే వెలిగాయి. ఆ పండుగకే పుణె పోలీసులు ఊరేగింపుల్లో లేజరు కిరణాలను నిషేధించారు.

లేజరు చెడ్డదని దీని అర్థం కాదు. కంటివైద్యుని చేతిలో అదే కిరణం చూపును కాపాడుతుంది. కొత్తగా లేచే భవనాలలో తాపీపనివారు ఇప్పుడు పచ్చ లేజరు గీతతో మట్టం చూసుకొంటున్నారు. ఎరుపు కంటే పచ్చ మన కంటికి బాగా ఆనుతుంది. హాని కలగకుండా దాని శక్తిని చాలా తక్కువగా ఉంచుతారు. తాతల నాటి రసమట్టం చేసిన పనినే ఆ గీత చేస్తున్నది. సాధనం ఏదైనా, అంచనాతో ఆగిపోక కొలిచి చూడటం, తేలిన నిజాన్ని నలుగురి ముందు నిలబడి చెప్పడం మన పని. చదువు మనకు ఇచ్చే ధైర్యం అదే.