ఇంటి పటమును ఇల్లాలు చూడవలదా?

గృహిణి యను పేరే గృహమునుండి పుట్టినది. ఐనను ఇల్లు కట్టించునపుడు ఆ యింటి పటమును గృహిణి చేతికిచ్చు వాడుక మనలో మిక్కిలి తక్కువ. పొయ్యి ఏ మూల నుండవలెనో వాస్తు తెలిసినవారు చెప్పుదురు. గోడ యెంత మందముండవలెనో ఇంజనీరు చెప్పును. ఇటుక యెంత పట్టునో మేస్త్రి చెప్పును. తెల్లవారినది మొదలు రాత్రి దీపమార్పువరకు ఆ గోడల నడుమ తిరుగవలసిన యామెను మాత్రము గృహప్రవేశమునాడు పాలు పొంగించుటకు పిలుతురు. "పటములు మీకేమి తెలియును?" అను మాట మనలో పెక్కుమంది వినియే యుందురు. ఆ మాటకు తగిన సమాధానము నేడు మన చేతిలోని ఫోనులోనే యున్నది. దానినిగూర్చి మా యనుభవముతో గూడ నాలుగు మాటలు సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

పూర్వము ఇంజనీర్లు పలుచని కాగితముపై సిరాతో పటమును గీసి, దానికి నీలి నకళ్లు తీయుచుండిరి. ఆ నీలిముద్ర పద్ధతిని 1842 లో సర్ జాన్ హెర్షెల్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు కనిపెట్టెను. మరుసటి యేట, అనగా 1843 లో, ఆనా ఆట్కిన్స్ అను స్త్రీ ఆ పద్ధతితోనే సముద్రపు నాచుల ప్రతిరూపములను తీసి గ్రంథముగ వెలువరింప నారంభించెను. తరువాత కాగితము స్థానమును కంప్యూటరు తెర యాక్రమించెను. 1963 లో అమెరికాలోని ఎం.ఐ.టి. యందు ఐవన్ సదర్లాండ్ కాంతికలముతో తెరమీదనే గీతలు గీయు "స్కెచ్‌ప్యాడ్" అను సాధనమును లోకమునకు చూపెను. 1982 లో ఆటోడెస్క్ సంస్థవారి "ఆటోకాడ్" బయలుదేరెను. నేడు మన యూళ్లలోని ఇంజనీర్లు సైతము ఇంటి పటములను దానితోనో, దానివంటి సాధనములతోనో గీయుచున్నారు. అట్లు గీసిన పటము "డి.డబ్ల్యు.జి." అను జాతి ఫైలుగ నిలువయుండును.

ఈ ఫైలు ఫోటోవంటిది కాదు. ఫోటోలో రంగుచుక్కలుండును. పెద్దది చేసిన కొలది అవి చెదరి మసకబారును. ఇందులో ననో, ప్రతి గీతయు ఎచ్చట మొదలై ఎచ్చట ముగియునో అంకెలతో వ్రాయబడియుండును. కావున ఎంత దగ్గరకు తెచ్చి చూచినను గీత గీతగనే యుండును. గోడలొక పొర, తలుపులొక పొర, నీటిగొట్టములొక పొర, విద్యుత్తీగలొక పొరగ అమర్చబడియుండును. ఇంత విషయము ఇమిడియున్న ఫైలును తెరచుటకు వెలగల సాఫ్టువేరు కావలసియుండుటచేత, ఇంటివారికి ముద్రించిన చిన్న కాగితమొకటి యిచ్చుటతో సరిపెట్టుచుండిరి.

ఈ యిక్కట్టును వెబ్ బ్రౌజరు తొలగించినది. ఆ పని జరుగు విధమిది. మన మిచ్చిన ఫైలును దూరముననున్న సర్వరు చదివి, తేలికయైన రూపమునకు మార్చి పంపును. దానిని మన బ్రౌజరు తెరమీద గీయును. బ్రౌజరు తనంతట తాను గట్టి బొమ్మలను వేగముగ గీయుటకు 2011 లో వెలువడిన "వెబ్‌జీఎల్" అను ప్రమాణము తోడ్పడినది. 2018 లో ఆటోడెస్క్ వారు ఆటోకాడ్‌కే బ్రౌజరులో తెరచుకొను రూపమును కల్పించిరి. కేవలము చూచుటకు మాత్రమే యుద్దేశింపబడిన ఉచిత సాధనములును గలవు. వీనిలో మనము చూడవచ్చును, కొలువవచ్చును, గుర్తు పెట్టవచ్చును. అసలు పటములోని గీతను మాత్రము చెరుపజాలము. పొరపాటున చేయి తగిలి గోడ చెరిగిపోవునేమో యను భయమక్కరలేదు.

మా యింటి సంగతి చెప్పెదము. మా యత్తగారికి నడుము పట్టుదప్పి, చక్రముల కుర్చీలోనే తిరుగుచుండిరి. ఆమె కనుకూలముగ నుండుటకే క్రింది యంతస్తులో కొత్తగదియు, దానికి జేరి స్నానపుగదియు కట్టింపదలచితిమి. ముద్రించిన పటములో స్నానపుగది తలుపునొద్ద "రెండున్నర అడుగులు" అని యుండెను. 30 అంగుళములు. కుర్చీ వెడల్పు టేపుతో కొలువగా 25 అంగుళములు. సరిపోవునని యింటిల్లిపాది తలంచిరి. మాకు మాత్రము కుర్చీ చక్రములమీద చేతులు పెట్టుకొని త్రోసుకొను మా యత్తగారి వ్రేళ్లు కన్నులలో మెదలుచుండెను.

ఇంజనీరుగారి నడిగి ఆ ఫైలును తెప్పించి, బ్రౌజరులో తెరచితిమి. మొదట చీమలబారువలె గీతలు తప్ప మరేమియు బోధపడలేదు. విద్యుత్తీగల పొరను, గొట్టముల పొరను దాచగా గోడలును, తలుపులును తేటపడినవి. తలుపు తెరచుకొను దిక్కును వంపుగీతతో చూపుదురని తెలిసికొంటిమి. తలుపును దగ్గరకు తెచ్చి చూడగా, ద్వారబంధపు కొయ్యలు ఇరుప్రక్కల చిన్న చదరములుగ కనబడెను. కొలత సాధనముతో ఈ కొయ్య లోపలి యంచునుండి ఆ కొయ్య లోపలి యంచువరకు కొలిచితిమి. 24 అంగుళములు! కాగితముమీది రెండున్నర అడుగులు కొయ్యలతో గూడిన కొలత. కుర్చీ పోవలసిన సందు కుర్చీకంటె ఒక అంగుళము తక్కువ.

మరునాడు ఇంజనీరుగారు వచ్చినపుడు ఈ మాట చెప్పితిమి. "అమ్మా, స్నానపుగదికి ఇదియే వాడుక. ఇంతవరకు ఎవ్వరును వద్దనలేదు" అని వారు నవ్విరి. మా వారును "వారికి తెలియదా?" అన్నట్లు మావంక చూచిరి. మేము మారుమాటాడక ఫోనులో పటమును తెరచి, కొలతగీతను వారి యెదుట పెట్టితిమి. వారు రెండుమారులు తామే కొలిచి, "నిజమేనమ్మా, కుర్చీ సంగతి నాకెవ్వరును చెప్పలేదు" అనిరి. చేతులు కడుగు తొట్టిని ఒక అడుగు ప్రక్కకు జరిపి, ద్వారమును మూడున్నర అడుగులు చేసి, లోపలి సందు 36 అంగుళములుండునట్లు దిద్దిరి. గడపయు తీసివేసిరి. అప్పటికింకను ముగ్గు పోయలేదు. కావున దిద్దుబాటుకు పట్టినది పావుగంట. గోడ లేచినపిమ్మట ఐనచో సుత్తియు, సిమెంటును, కూలియు, అన్నిటిని మించి మా యత్తగారి యభిమానమును వెచ్చింపవలసి వచ్చెడిది. స్నానమునకు ఒకరిచేత నెత్తించుకొని పోవుట ఆమె కెంత బాధయో ఆమె నోటితో చెప్పకున్నను మేమెరుగుదుము.

ఐతే కొన్ని జాగ్రత్తలు గలవు. ఒక పటములో మరియొక ఫైలు జోడింపబడియుండును. ఆ రెండవది పంపనిచో కొన్ని గోడలే కనబడవు. గోడ కనబడనంతమాత్రమున లేదనుకొనరాదు, అడుగవలెను. కొలత అంగుళములలోనున్నదో మిల్లీమీటర్లలోనున్నదో ముందుగ తెలిసికొనవలెను. తెలిసిన కొలత నొకదానిని కొలిచి సరిచూచుకొనుట మేలు. మరియు ఇంటి పటమనగా ఇంటి రహస్యమే. ఏ కిటికీ యెచ్చటనో, బీరువాగది యేదో అందులో నుండును. ఊరుపేరు తెలియని సైటులో దానిని పెట్టరాదు. పని తీరినపిమ్మట తీసివేయవలెను. లింకును అందరికిని పంపరాదు. ఫైలును బయటికి పంపకయే మన యంత్రములోనే చూపు సాధనములును గలవు. అట్టివి మరింత క్షేమము. కడపట, దూలముల బలము, పునాది లోతు మొదలగునవి ఇంజనీరు విద్యకు చెందినవి. వానిలో వారి మాటయే ప్రమాణము. మన మడుగవలసినది మన నడక, మన చేయి, మన ముసలివారి యడుగు సంగతి.

స్త్రీలకు పటము లేల యనువారికి ఒక తెలుగు స్త్రీ కథ చాలును. అయ్యలసోమయాజుల లలితగారు 1919 లో జన్మించిరి. పదునెనిమిదవ యేట వైధవ్యము ప్రాప్తించెను. ఒడిలో నెలల పసిబిడ్డ. ఆ స్థితిలో చదువు సాగించి, మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుచ్ఛాస్త్రము నభ్యసించి, 1943 లో పట్టము పొందిరి. పిదప కలకత్తాలో ఉద్యోగించుచు, భాక్రానంగల్ ఆనకట్ట సంబంధమైన విద్యుత్ మార్గముల రచనలో పాలుపంచుకొనిరి. 1964 లో న్యూయార్కున జరిగిన ప్రథమ అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల సభకు వెళ్లి వచ్చిరి. పసిబిడ్డ నొడిలో నుంచుకొని ఆమె అంత చదువగా, మనము మన స్నానపుగది తలుపును కొలువలేమా?

కావున సోదరీమణులారా, మీ యింట ఇల్లు కట్టు ప్రయత్నము జరుగుచున్నచో, ముద్రించిన కాగితముతో తృప్తిపడక ఫైలు నడుగుడు. పొరలు విప్పి చూడుడు. వంటగట్టు నొద్ద ఇద్దరు నిలువ చోటున్నదా, మెట్లు ముసలివారికి నిటారుగ లేవుగదా, తలుపులు ఒకదానినొకటి తాకవుగదా యని కొలువుడు. సందేహమున్నచోట గుర్తుపెట్టి ఇంజనీరుగారికి మర్యాదతో తెలుపుడు. ముగ్గు పోయకముందు అడిగిన ప్రశ్నకు ఖర్చులేదు.