గరుకు కింద స్వరం



మా దాచేపల్లి సంఘంలో బేస్ గిటార్ వాయించే తమ్ముడు మిరపకోతల కూలి డబ్బులు దాచుకుని పెడల్ కొంటానన్నాడు. పాత రాక్ పాటల్లోలా బేస్ కాస్త గరుకుగా పలకాలని వాడి ఆశ. "అది లోకపు శబ్దం" అని అందరి ముందు గద్దించాను. ఆ ఆదివారం వాడు మందిరానికి రాలేదు.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి క్షమించమన్నాను. వాడు ఓపికగా చెప్పాడు. "ఆ రోజుల్లో పెద్ద ట్యూబ్ ఆంప్లిఫయర్లను గట్టిగా వాయిస్తే వచ్చిన శబ్దం అయ్యగారూ అది. మనకు ఒక్క ఓవర్‌డ్రైవ్ పెడల్ చాలు. మామూలు గిటార్ పెడల్స్ చాలావరకు కింది స్వరాన్ని పలచన చేస్తాయి. అందుకే బ్లెండ్ నాబ్ ఉన్నది చూస్తున్నా. అది అసలు స్వరాన్ని ఉంచి, దానికి గరుకును కలుపుతుంది. బెహ్రింగర్ బీడీఐ21 లాంటి చవక పెడల్‌కీ ఆ నాబ్ ఉంది. ఆంప్లిఫయర్ లేకపోయినా నేరుగా మన మిక్సర్‌కే పెట్టొచ్చు."

వాయిద్యాల్లో స్వరభేదం తెలియాలని పౌలు కొరింథీయులకు రాసిన మాట (1 కొరింథీ 14) నాకు గుర్తొచ్చింది. నా గద్దింపులో గరుకే వినబడింది. అడుగున ఉండాల్సిన ప్రేమ వినబడలేదు. ప్రభువా, నా మాటలో ఆ స్వరాన్ని పోనివ్వకు. ఆమేన్.