బోయిన్ నదికి ఎదురీదుతూ

బోయిన్ నదిని సముద్రం వైపు నుంచి చూడటం మొదలుపెట్టాలి. సాల్మన్ చేప వచ్చే దారి అదే. మన పులస కడలి వదిలి గోదావరికి ఎదురెక్కినట్టే, ఇదీ అట్లాంటిక్‌లో పెరిగి, గుడ్లు పెట్టడానికి తాను పుట్టిన ఏటికే తిరిగొస్తుంది. ఐర్లండ్ తూర్పు తీరాన మార్నింగ్టన్ దగ్గర నది సముద్రంలో కలుస్తుంది. అక్కణ్ణుంచి మూలం దాకా సుమారు 112 కిలోమీటర్లు.

డ్రోహెడాలో 1855 నాటి రైలు వంతెన, ఆ పైన ఓల్డ్‌బ్రిడ్జ్. 1690లో జేమ్స్, విలియం అనే ఇద్దరు రాజులు ఈ రేవుల్లోనే తలపడ్డారు. చరిత్ర పుస్తకాలు ఇక్కడే ఆగుతాయి. నేను మాత్రం ఇంకాస్త పైకి, న్యూగ్రేంజ్ వంపు దగ్గరికి వెళ్లి ఆగుతాను. ఒడ్డున గుట్టమీద అయిదు వేల ఏళ్లు దాటిన రాతి సమాధి. ఈ వంపు మడుగుల్లోనే, లోకజ్ఞానమంతా నింపుకున్న సాల్మన్ కోసం ఫినేగస్ అనే కవి ఏడేళ్లు కాచుకున్నాడట. చివరికి చేప చిక్కింది. రుచి చూడొద్దని చెప్పి, కాల్చే పని శిష్యుడైన కుర్రాడికి అప్పగించాడు. చేప చర్మం పొక్కితే కుర్రాడు బొటనవేలితో అదిమాడు, చుర్రుమన్న వేలిని నోట్లో పెట్టుకున్నాడు. జ్ఞానమంతా అతనిదైంది. అతనే తర్వాత వీరుడైన ఫిన్. ఈ కథలో నాకు ఇష్టమైనవాడు కవే. ఏడేళ్ల తపస్సు చేజారినా కోప్పడలేదు, చేపంతా నువ్వే తిను నాయనా అని ఇచ్చేశాడు.

ఈ కథ తలచుకుంటే నాకు మరో నది గుర్తొస్తుంది. జపాన్‌లో షిమాంతో నది మీద, తోకావా అనే ఊళ్లో, 1974 నుంచి ఈ ఒడ్డుకూ ఆ ఒడ్డుకూ తాళ్లు కట్టి గుడ్డతో కుట్టిన కార్ప్ చేపలను ఎగరేస్తున్నారు. మే 5 అక్కడ పిల్లల పండుగ. జలపాతం ఎక్కిన చేప డ్రాగన్ అవుతుందని వాళ్ల నమ్మకం. ఎక్కడి జపాన్, ఎక్కడి ఐర్లండ్! పిల్లవాడికి ఇవ్వదగ్గది ఎదురీదే చేపేనని రెండుచోట్లా పెద్దలకు తోచింది.

నావన్ దగ్గర బ్లాక్‌వాటర్ వచ్చి కలుస్తుంది. ట్రిమ్ కోట దాటాక నేల చదును, నీరు నెమ్మది. కిల్డేర్‌లోని కార్బరీ దగ్గర ట్రినిటీ బావి, అదే మూలం. చుట్టూ తొమ్మిది హేజెల్ చెట్లు, వాటి కాయలు తినే చేపకు జ్ఞానం వచ్చిందని పురాణం. దగ్గరికి పోవద్దన్నా బోవాన్ అనే దేవత వెళ్లి బావికి అప్రదక్షిణం చేసింది. నీరు పొంగి, నదై, ఆమెను సముద్రం దాకా తరిమి ముంచేసింది. దీన్ని శిక్షగా చెబుతారు. ఆమె సాహసించకపోతే నదే లేదు కదా అనిపిస్తుంది నాకు.

ఆ నదికి మనుషులు చేసిన హాని చిన్నది కాదు. పొలాల్లో నీరు నిలవకూడదని 1969 నుంచి యంత్రాలతో అడుగు తవ్వేశారు. దాంతో గులకరాళ్లు పోయాయి. సాల్మన్ తోకతో గులకను తవ్వి గుడ్లు పెడుతుంది, వాటి సందుల్లోంచి నీరు పారితేనే గుడ్డు బతుకుతుంది. సముద్రంలోనూ కష్టకాలమే. 1975లో ఐర్లండ్‌కు తిరిగొచ్చిన సాల్మన్‌లు 17 లక్షల పైచిలుకని అంచనా, 2022లో రెండు లక్షలు కూడా లేవు. 2007 నుంచి సముద్రంలో తేలుతూ సాగే వలలతో సాల్మన్ వేటను నిషేధించారు. కొన్ని ఉపనదుల్లో గులక తిరిగి పోస్తున్నారు. చలికాలంలో అందులో పెట్టిన గుడ్లలోంచి వచ్చిన పిల్లలు ఒకటి రెండేళ్లు ఏట్లోనే పెరుగుతాయి. ఆ పైన ఒక వసంతంలో, బోవాన్ పరుగెత్తిన దారినే, సముద్రానికి దిగుతాయి.