శివారు ఇంటికి వెలుగు తీగ

మా ఊరు పాలకొల్లుకి ఏడు కిలోమీటర్లు. ఊళ్లోకి వచ్చే పంటబోదెకి మా చేనే ఆఖరు. అది దాటితే మురుగు కాలువ. నాన్నగారు ఉన్నన్నాళ్లూ "మనది శివారు భూమిరా" అంటూండేవారు. ఆ మాట బరువు రెండో పంట దాళ్వా చేసినవాళ్లకే తెలుస్తుంది. ధవళేశ్వరంలో నీళ్లు వదిలారని పేపర్లో పడేది. నరసాపురం కాలువ నిండుగా పారుతూ ఉండేది. మా చేను మాత్రం నెర్రెలిచ్చి ఉండేది. పైవాళ్లంతా తడుపుకున్నాక, వంతు వచ్చినప్పుడు, మిగిలిన నీరే మాకు.

ఇప్పుడు ఆ చేను కౌలుకిచ్చాం. నేను పద్నాలుగేళ్లుగా నెదర్లాండ్స్‌లో, ఐండ్‌హోవెన్ పక్కన న్యూనెన్ అనే ఊళ్లో ఉంటున్నాను. డెబ్బై ఆరేళ్ల అమ్మ ఆ ఇంట్లో ఒక్కతే ఉంటుంది. ఇక్కడికి రమ్మంటే రాదు. వాకిట్లో ముగ్గు, పెరట్లో కొబ్బరిచెట్లు, శివరాత్రికి పాలకొల్లు వెళ్లి క్షీరారామలింగేశ్వరుడి దర్శనం, ఇవి వదిలి తను బతకలేదని నాకూ తెలుసు. అందుకే నాలుగేళ్ల కిందట ఇంటికి ఫైబర్ కనెక్షన్ పెట్టించాను. ఈ నాలుగేళ్లలో నాకు అర్థమైంది ఒకటే. తీగ విషయంలోనూ మాది శివారు ఇల్లే.

చలికాలంలో నాకు సాయంత్రం నాలుగైతే అమ్మకి రాత్రి ఎనిమిదిన్నర. అది మా ఇద్దరి వేళ. అన్నం తినేసి, కళ్లజోడు తుడుచుకుని, ఫోను ముందు కూర్చుంటుంది. బాగున్న రోజున వంటింట్లో పోపు గిన్నె కూడా కనిపిస్తుంది. బాగోని రోజున "ఏరా, వినపడుతోందా? కనపడ్డం లేదురా" అన్న రెండు ముక్కలతో సరి. ఆ తరువాత మామూలు ఫోను చేస్తాను. కొబ్బరితోట మధ్యలో ఉన్న ఇంట్లో దానికీ సిగ్నల్ నిలవదు. అమ్మ వీధి అరుగు మీదికొచ్చి, చీకట్లో నిలబడి మాట్లాడుతుంది. ఆ వయసు మనిషి మంచులో అలా నిలబడి ఉందని తెలిశాక ఏం మాట్లాడాలో తోచదు. "లోపలికి వెళ్లిపోమ్మా, రేపు మాట్లాడదాం" అని పెట్టేస్తాను.

మొన్న సంక్రాంతికి వెళ్లి ఆరు వారాలు ఉన్నాను. ఇంటినుంచే ఆఫీసు పని చేసుకోవచ్చనుకున్నాను. మూడో రోజున నెట్ డబ్బా మీద ఎర్ర లైటు వెలిగింది. కొబ్బరి దింపు తీస్తుంటే గెల తీగ మీద పడింది. దాన్ని అతికిన పది రోజులకి, గడ్డి లోడు ట్రాక్టరు వీధిలో వేలాడుతున్న తీగని లాక్కుపోయింది. ఆ తరువాత ఏ కారణం లేకుండానే రెండు రోజులు ఆగింది. కంపెనీ నంబరుకి ఫోన్ చేస్తే ఫిర్యాదు నమోదైందని మెసేజ్ వచ్చింది. నాలుగు గంటల్లోనే సమస్య పరిష్కారమైందని ఇంకో మెసేజ్ వచ్చింది. డబ్బా మీద ఎర్ర లైటు అలాగే ఉంది. నేను రోజూ బస్సెక్కి పాలకొల్లులో స్నేహితుడి ఇంటికి వెళ్లి పని చేసుకున్నాను. ఏడు కిలోమీటర్ల తేడాలో అక్కడ తీగ చక్కగా పని చేస్తోంది. కాలువ ఎగువన ఉన్న ఊరికి, శివారుకి ఉన్న తేడాయే అది.

మూడోసారి తీగ బాగుచేయడానికి వచ్చిన కుర్రాడు నన్ను చూసి నొచ్చుకున్నాడు. "ఆయ్, మీ ఇంటికొచ్చేసరికి లైటు మైనస్ ముప్పై చూపిస్తోందండి. ఇరవై ఏడు దాటితే డబ్బా పట్టుకోదండి" అన్నాడు. ఆ లెక్క అందరూ తెలుసుకోదగ్గదే. ఫైబర్ అంటే తల వెంట్రుక కన్నా సన్నని గాజు నరం. అందులో పారేది వెలుగు. ఆ వెలుగుని కొలిచే మీటరులో ప్రతి మూడంకెలకీ బలం సగానికి సగం తగ్గుతుంది. అంటే మా ఇంటికి చేరుతున్నది డబ్బాకి కావలసినదాంట్లో సగమే. ఒకే పోగుని ముప్పై రెండు ఇళ్లకో, అరవై నాలుగు ఇళ్లకో చీల్చి ఇస్తారు. అతుకు పడ్డ ప్రతిచోటా, తీగ మెలిక తిరిగిన ప్రతిచోటా కొంత వెలుగు పోతుంది. మా వీధి తీగకి నాలుగేళ్లలో ఎన్ని అతుకులు పడ్డాయో ఆ కుర్రాడికే లెక్క లేదు. పదకొండు ఊళ్లకి అతనొక్కడే. గాజు పోగులు అతికే యంత్రం అతని దగ్గర లేదు, భీమవరం నుంచి రావాలి. అతన్ని తప్పు పట్టడానికి నాకు మనసొప్పలేదు.

దీన్ని ఊసుపోక వాడేవాళ్ల కష్టమని ఎవరైనా అనుకుంటే ఆ ఆలోచన మార్చుకోవాలి. అమ్మది ఫ్యామిలీ పెన్షను. ఏటా తను బతికే ఉన్నానని నిరూపించుకోవాలి. వేలిముద్ర వేస్తే చాలు, ఇంటినుంచే అయిపోతుంది. జీవన్ ప్రమాణ్ అనే ఏర్పాటు 2014లో వచ్చింది అందుకే. నెట్ లేని రోజున అదే పనికి అమ్మ ఆటో మాట్లాడుకుని, వరసలో కూర్చుని, మధ్యాహ్నానికి ఇంటికొస్తుంది. గుండె డాక్టరుగారు వీడియోలో చూస్తానన్న రోజున బొమ్మ ఆగిపోయి ఆ చూపు మూడు వారాలు వాయిదా పడింది. 2020లో బడులు మూతపడ్డప్పుడు మా పెద్దనాన్న మనవరాలు డాబా మీద ఎండలో గొడుగేసుకుని పాఠాలు వింది. మా గోదావరి జిల్లాలనుంచి కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్లి ఇళ్లలో పని చేస్తున్న ఆడవాళ్లు ఎందరో. వాళ్లకి వారానికి ఒక్క పూట సెలవు దొరికితే ఎక్కువ. ఆ పూట బిడ్డ ముఖం కనపడకపోతే మళ్లీ వారం దాకా ఎదురుచూడాలి. నాకు రేపు ఉంటుంది. వాళ్లకి ఉండదు.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గరే తీరం దాటింది. ఆ సాయంత్రమే కరెంటు పోయింది, దాంతోపాటు డబ్బా ఆగింది. కాసేపటికి సెల్ టవరూ ఆగింది. న్యూనెన్‌లో మా ఇంట్లో కూర్చుని తుపాను కన్ను ఎక్కడుందో నిమిషనిమిషానికీ పటం మీద చూడగలిగాను. పెంకుటింట్లో అమ్మ ఎలా ఉందో మాత్రం తెలియలేదు. మర్నాడు మధ్యాహ్నం పక్కింటి అబ్బాయి పాలకొల్లు దాకా వచ్చి ఫోన్ చేశాడు. "పిన్ని బానే ఉంది అన్నయ్యా, రెండు చెట్లు పడ్డాయంతే" అన్నాడు. ఆ పద్దెనిమిది గంటలు నేను మరచిపోలేను.

మా ప్రాంతానికి ఈ తీగ కొత్త కాదు. నరసాపురం రేవు దాటితే సఖినేటిపల్లి మండలంలో మోరి ఉంది. జీడిపప్పుకి పేరున్న ఊరు. మోరి మూలాలున్న బర్క్‌లీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు సోలమన్ డార్విన్ చొరవతో, 2016 డిసెంబరులో మోరి, మోరిపోడు గ్రామాలు రాష్ట్రంలో ముందుగా డిజిటల్ గ్రామాలయ్యాయి. మరుసటి ఏడాది డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను జాతికి అంకితం చేశారు. నెలకి 149 రూపాయలకి ఇంటర్నెట్, టీవీ, ఫోను అన్నారు. భూమి తవ్వితే ఖర్చూ కాలమూ ఎక్కువని కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగారు. దేశమంతటా పంచాయతీలకు తీగ వేసే పథకం 2011లోనే మొదలై, 2015లో భారత్‌నెట్ అయింది. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలని 2023లో కేంద్రం నిర్ణయించింది. అంతకుముందు అది 512 కేబీపీఎస్. ఇవన్నీ మంచి పనులే. ఆనకట్ట కట్టారు, కాలువ తవ్వారు. కానీ చివరి బోదెని ఎవరు చూసుకుంటారన్నది తేల్చలేదు.

నేనుంటున్న దేశంలోనూ చాలా భాగం డెల్టాయే. సముద్రం కన్నా పల్లంలో ఉన్న నేలని గట్లు కట్టి, నీరు తోడి నిలబెట్టుకున్న దేశం ఇది. ఈ డచ్చివాళ్లు 17వ శతాబ్దంలోనే మన పాలకొల్లు వచ్చి బట్టల వర్తకానికి కోఠీ పెట్టారు. అక్కడినుంచి రాసిన ఉత్తరం ఓడెక్కి ఇక్కడికి చేరేసరికి నెలలు పట్టేది. న్యూనెన్‌లో 2004లో జనం ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. దాని పేరు ఆన్స్‌నెట్, అంటే "మన నెట్". ప్రభుత్వ సబ్సిడీ తోడైంది, ఇంటింటికీ ఫైబర్ వచ్చింది. తరువాత అది పెద్ద కంపెనీ చేతికి వెళ్లినా, మొదటి తీగ మాత్రం ఊరివాళ్లు తమదనుకుని వేసుకున్నదే. ఇక్కడ గట్లు కాచే మండళ్లకి 13వ శతాబ్దం నుంచీ చరిత్ర ఉంది. నేల ఉన్న ప్రతివాడూ వాటికి పన్ను కడతాడు. గట్టుకి గండి పడ్డాక పరుగెత్తడం కన్నా ముందే కాచుకోవడం చవకని వాళ్లకి అనుభవం నేర్పింది.

మనకి ఈ సంగతి ఒకరు చెప్పాలా? కాటన్ దొర 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. ఆ నీరు చేనుకి చేరిందంటే దాని వెనక కాలువ కాచే లస్కరు ఉన్నాడు. నా చిన్నప్పుడు మా కాలువకి ఒక లస్కరు ఉండేవాడు. మోకాళ్ల దాకా పంచె ఎగగట్టి, పార భుజానేసుకుని తెల్లారకుండానే గట్టు మీద నడిచేవాడు. ఎక్కడ గండి పడబోతోందో, ఏ తూములో గుర్రపుడెక్క అడ్డుపడిందో అతనికి తెలుసు. "శివారుకి ఇంకా ఎక్కలేదు బాబూ, పైన తూము దించి వస్తా" అనేవాడు. మా ఇంట్లో గింజలు పండాయంటే అతని నడక వల్లే. ఆ లస్కరు పోస్టులు ఖాళీ అవుతూ వచ్చాయని రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. శివారుకి నీరెక్కని ఊళ్లు కూడా అలాగే పెరిగాయి.

మన తీగకి కావలసింది ఆ లస్కరే. పదకొండు ఊళ్లకి కాదు, మూడు నాలుగు ఊళ్లకి ఒక మనిషి. చేతిలో వెలుగు కొలిచే మీటరు, దగ్గరలో అతికే యంత్రం, నెలనెలా జీతం. దింపుకి ముందు చెట్ల కింది తీగని పక్కకి తప్పించాలి. కోత మిషన్లు వచ్చేలోగా వేలాడే తీగని ఎత్తి కట్టాలి. కొత్త సంస్థలేవీ అక్కర్లేదు. సాగునీటి సంఘాల చట్టం 1997లోనే వచ్చింది, 2024 డిసెంబరులో వాటికి ఎన్నికలూ జరిగాయి. నీటికి సంఘం ఉన్న ఊరు తీగకీ ఒక సంఘం పెట్టుకోగలదు. ఇంటర్నెట్ అందుబాటు చదువు హక్కులో భాగమని 2019లో కేరళ హైకోర్టు చెప్పింది. హక్కు అన్నాక అది శివారు ఇంటికీ ఉండాలి.

తోటి ప్రవాసులకి ఒక మాట. మనం ఊరికి ఆర్చి కట్టించాం, గుడికి మైకు సెట్టు ఇచ్చాం. ఈసారి పదిమంది కలిసి మీ ఊరి కేబుల్ కుర్రాడికి అతికే యంత్రం కొనిపెట్టండి. అమ్మానాన్నల ఇంట్లో డబ్బాకి చిన్న బ్యాటరీ పెట్టించండి, కరెంటు పోయినా కొన్ని గంటలు నిలుస్తుంది. ఇంటికి చేరుతున్న వెలుగు ఎంతో మీటరు పెట్టి చూపించమని అడగండి, ఆ అంకె రాసి ఉంచుకోండి. ఫిర్యాదు పరిష్కారమైందని అబద్ధపు మెసేజ్ వస్తే ఊరుకోకండి, మళ్లీ రాయండి. పంచాయతీలో ఈ ప్రశ్న లేవనెత్తమని మీవాళ్లకి చెప్పండి.

నేను మా ఊళ్లో నలుగురితో మాట్లాడాను. యంత్రానికి డబ్బు పోగవుతోంది. ఈ దాళ్వా కోతలకి ముందే అది మా ఊరికి చేరాలి.