మీటింగు మనది, రాత్రి హైదరాబాదుది

ఏప్రిల్, మే నెలల్లో హన్మకొండ నక్కలగుట్ట వైపు ఎప్పుడైనా వచ్చారా? ఏదో ఒక హోటల్ ముందు విత్తనాల కంపెనీ ఫ్లెక్సీ వేలాడుతుంటుంది. లోపల డీలర్ల మీటింగు. వానాకాలం పత్తికి ఎవరు ఎన్ని ప్యాకెట్లు అమ్మాలో అక్కడే తేలుతుంది. పన్నెండింటికి ప్రసంగాలు, రెండింటికి బిర్యానీ, నాలుగింటికి గిఫ్టు బ్యాగు, ఐదింటికి హాలు ఖాళీ. కంపెనీ మేనేజరు కూడా చీకటి పడకముందే ఉప్పల్ దారి పడతాడు. హోటలాయనకు మిగిలేది ప్లేట్ల లెక్క.

అదే డీలరు టార్గెట్ కొడితే గోవాకో బ్యాంకాక్‌కో టూరు. వార్షిక సమావేశం హైదరాబాద్‌లో పెడితే రెండు రాత్రుల గది, కారు, ఆట, పాట. మనిషి అతనే, కంపెనీ అదే. కానీ ఒక ఊళ్లో అతని మీద వందలు, ఇంకో ఊళ్లో వేలు. బిర్యానీ ధరలో అంత తేడా ఎక్కడిది? తేడా అంతా రాత్రిలో ఉంది. అతిథి ఎక్కడ పడుకుంటే డబ్బు అక్కడ దిగుతుంది.

ఈ వ్యాపారానికి హోటళ్లవాళ్లు పెట్టుకున్న పేరు ‘మైస్’. మీటింగులు, ఇన్సెంటివ్ టూర్లు, కాన్ఫరెన్సులు, ఎగ్జిబిషన్లు అన్నీ అందులోకే వస్తాయి. హైదరాబాద్ పెద్ద ఎత్తున ఈ బాట పట్టింది 2006లో. మాదాపూర్ దగ్గర హెచ్ఐసీసీ సదస్సుల కేంద్రం తెరిచిన ఏడాదే ఆసియా అభివృద్ధి బ్యాంకు వార్షిక సమావేశం అక్కడ జరిగింది. 2008లో శంషాబాద్ విమానాశ్రయం వచ్చింది. ఇక చూడండి: 2010లో ప్రపంచ గణిత శాస్త్రవేత్తల మహాసభ, 2012లో జీవవైవిధ్య సదస్సు, 2017లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు. హాలు, విమానం, పడక మూడూ ఒక్కచోట దొరికితే వచ్చినవాడు మూడు రోజులు కదలడు.

మనకేం తక్కువ అంటారా? మనుషులకైతే తక్కువ లేదు. నేటి ఎన్ఐటీ, కాకతీయ మెడికల్ కాలేజీ రెండూ 1959 నాటివి, కాకతీయ యూనివర్సిటీ 1976ది. 1992-93 ఇండియన్ హిస్టరీ కాంగ్రెస్‌కు కూడా మన ఊరే ఆతిథ్యం ఇచ్చింది. అయితే మన సదస్సులకు వచ్చేవాళ్లలో చాలామంది క్యాంపస్ గెస్ట్‌హౌస్‌లోనో, తెలిసిన ప్రొఫెసర్ గారి ఇంట్లోనో సర్దుకుంటారు. ఆ ఆప్యాయతకు బిల్లుండదు కాబట్టి హోటళ్ల లెక్కలోకి రాదు. రాజకీయ సభల సంగతి వదిలేయండి. జనం లక్షల్లో వస్తారు, రాత్రికి రాత్రే లారీలెక్కి వెళ్తారు.

ఇక మన హాళ్ల ధర. అది క్యాలెండర్‌లో కాదు, పంచాంగంలో ఉంటుంది. మంచి ముహూర్తం ఉన్న రోజు కంపెనీవాళ్లు అడిగితే ఫంక్షన్ హాలు మేనేజరు వాళ్ల ముఖం కూడా చూడడు. “మూఢంల పెట్టుకోండ్రి సార్, తక్కువకిస్త” అంటాడు. ఆషాఢంలో అయితే తానే ఫోన్ చేస్తాడు. లాస్ వేగాస్‌లో వారాంతపు షికార్ల జనం తగ్గిన మామూలు రోజుల్లో గదులు నింపేది కన్వెన్షన్లే. మన దగ్గర ఆ ఖాళీ రోజులు శుక్ర మూఢం, గురు మూఢమే అన్నమాట!

పన్నుల్లోనూ ఒక కిటుకుంది, ఓపిగ్గా వినండి. గది మీద, హాలు మీద జీఎస్టీలో రాష్ట్ర వాటా ఆ భవనం ఉన్న రాష్ట్రానికే చెందుతుంది. తెలంగాణలో రిజిస్ట్రేషన్ లేని బెంగళూరు కంపెనీ ఇక్కడ హాలు తీసుకుంటే, కట్టిన పన్నును తన జీఎస్టీ బాకీలోంచి మినహాయించుకునే క్రెడిట్ రాదు. అదే ఈవెంట్ నిర్వాహకుడు మొత్తం కార్యక్రమాన్ని తన సేవగా బిల్లు వేస్తే, అది కంపెనీ ఉన్న రాష్ట్రం లెక్కలోకి వెళ్తుంది, క్రెడిట్ దొరుకుతుంది. అందుకే కంపెనీలు నిర్వాహకులను వెతుక్కుంటాయి. పెద్ద నిర్వాహకులేమో హైదరాబాద్‌లో ఉంటారు. మీటింగు మన దగ్గర జరిగినా బేరం అక్కడే ముగుస్తుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7500 రూపాయలు దాటని గదుల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది. మన ఊరి గదులు చాలావరకు ఆ లోపువే కనుక ఇది మనకు కలిసొచ్చేదే.

మామునూరు విమానాశ్రయం మాట ఎత్తకపోతే మీరు ఊరుకోరని తెలుసు. నిజాం కాలంలో ఆజంజాహీ మిల్లు, కాగజ్‌నగర్ కాగితం మిల్లు పనుల మీద వచ్చేవాళ్ల కోసమే ఆ ఎయిర్‌స్ట్రిప్ వేశారంటారు. అంటే వ్యాపార ప్రయాణం మనకు కొత్తదేమీ కాదు. శంషాబాద్ చుట్టూ 150 కిలోమీటర్లలో ఇంకో విమానాశ్రయం రాకూడదన్న షరతు ఏళ్ల తరబడి అడ్డుపడింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. సంతోషమే. కానీ విమానం ఎక్కిన మన డీలరు నేరుగా గోవాకే పోతే? రన్‌వే రెండు వైపులా పనిచేస్తుంది. దిగినవాడిని రాత్రి ఆపే ఏర్పాటు లేకపోతే లాభం గోవాకే.

ఆపడానికి మన దగ్గర సరుకుంది. యునెస్కో 2021లో గుర్తించిన రామప్ప గుడి గంటన్నర ప్రయాణం. పొద్దున్నే వెళ్తే ఎండ ముదరకముందే చూసి రావచ్చు, కానీ దానికి ముందు రాత్రి ఇక్కడ ఉండాలి. మీలో డాక్టర్ల సంఘాలవాళ్లు, సీడ్ డీలర్లు, రైస్ మిల్లర్లు, బ్యాంకు అధికారులు ఉంటారు కదా. ఈసారి మీ రాష్ట్ర సమావేశం హన్మకొండలో పెట్టండి. ఆహ్వాన పత్రిక మీద రెండు తేదీలు వేయండి.